లుకేమియాతో ఆసుపత్రిలో ఉన్నాను. ధైర్యంగా ఉండలేకపోతే మందు పనిచేయదా?

మీ ప్రశ్న చదివాను. వయసు 29, లుకేమియా అని తేలి ఆసుపత్రిలో చేరి రెండు వారాలైంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా 'ధైర్యంగా ఉండు, సగం జబ్బు దానితోనే పోతుంది' అంటున్నారు. మీకేమో రాత్రిళ్లు ఏడుపు ఆగడం లేదు. ఇలా ఉంటే మందు పనిచేయదేమోనని భయం. నేనూ అలాంటి మంచం మీద పడుకుని లేచినవాణ్ణే. నాకంటే చిన్నవారు కాబట్టి తమ్ముడూ అంటాను, ఏమనుకోకండి. ముందు జవాబు చెప్పేస్తా: మందు పని మందు చేస్తుంది, మీరు ఏడ్చినా చేస్తుంది. నాకెలా తెలిసిందో చెబుతా.

2018 ఆగస్టు. తెనాలిలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, ఎక్కడా తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు. వానాకాలం, పైగా ప్లేట్‌లెట్లు 18 వేలు. ఇంకేముంది, డెంగ్యూ అన్నారు. మూడు రోజులు సెలైన్లు, ఇంట్లో బొప్పాయి ఆకు రసం. నాలుగో రోజు మైక్రోస్కోప్ కింద నా రక్తం చూసిన ల్యాబ్ డాక్టరమ్మ "ఇది డెంగ్యూలా లేదు, ఇక్కడ ఆగకండి" అంది. ఆ రాత్రే కారులో వేలూరు బయలుదేరాం. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేసి చెప్పిన పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. ఏపీఎల్ అంటారు.

లుకేమియా అంటే ఒకటే జబ్బని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. కాదు. దేని మందు దానిది, దేని లెక్క దానిది. నాది మొదటి కొన్ని వారాల్లోనే రక్తస్రావంతో ప్రాణం తీయగల రకం. ఆ గండం గడిస్తే మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది దాకా నయమయ్యే రకం. మీది ఏ రకమో మీరు రాయలేదు. కాబట్టి నా అంకెలు మీకు వర్తిస్తాయనుకోవద్దు. ఫోన్లో 'లుకేమియా' అని కొడితే వచ్చే అంకెల జోలికి అసలే వెళ్లొద్దు.

మందు పేరు వినగానే మా నాయనమ్మ ఫోన్లోనే గోల పెట్టింది. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. "అంటే ఏంట్రా" అని అడిగితే మా బామ్మర్ది నోరు జారి "పాషాణం" అన్నాడు. "ఎలుకల పాషాణమా! అది ఎక్కించడానికా అంత దూరం తీసుకెళ్లారు?" అని ఒకటే ఏడుపు. ఆవిడ తప్పేం లేదు, అది నిజంగా పాషాణమే. 1970ల్లో చైనాలోని హార్బిన్ డాక్టర్లు ఒక నాటు మందును విడదీసి చూసి, అందులో పనిచేస్తున్నది ఆర్సెనిక్ అని పట్టుకున్నారు. దానికి తోడు నాకు ఏట్రా అనే క్యాప్సూళ్లు ఇచ్చేవారు, అది విటమిన్ ఏకి చుట్టం. ఎదగకుండా మొండికేసిన క్యాన్సర్ కణాల్ని ఈ రెండూ ఎదిగేలా చేస్తాయట. ఎదిగిన కణం ఆయువు తీరి తనే పోతుంది. గాలికి తిరిగే కుర్రాడికి పెళ్లి చేసి బాధ్యత నెత్తిన పెట్టడం లాంటిదని మా ఆవిడకు చెప్తే, చేరినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది.

రోజూ పొద్దున ఆరింటికి బరువు చూసేవారు. తాగిన ప్రతి గ్లాసు నీళ్లూ, పోసిన ప్రతి ఎంఎల్ మూత్రమూ చార్టులో రాయాలి. నాకు చేతనైన పనేగా. ఒక పొడుగు నోట్‌బుక్ తెప్పించుకుని జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాసుకున్నా. కింద ఆ రోజు రక్తపరీక్ష అంకెలు. ఆశంతా ఆ పుస్తకంలోనే పెట్టుకున్నా. ప్లేట్‌లెట్లు 30 వేలు దాటితే రెండు ఇడ్లీలు తినేవాణ్ణి, 15కు పడితే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

చేరినప్పుడు తెల్లకణాలు 1,800. తొమ్మిదో రోజుకు 26,000. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "కణాలు ఎదిగేటప్పుడు కౌంట్ ఇలా పెరుగుతుంది, మేం అనుకున్నదే" అని చెప్పారు. చెవికి వినబడింది, బుర్రకెక్కలేదు. లెక్కలు రాసేవాడికి అంకె అంకే, అయిపోయింది అనుకున్నా. ఆ రాత్రి పడుకుంటే ఆయాసం. రెండు రోజుల్లో బరువు మూడు కిలోలు పెరిగింది. చెప్పలేదు. చెబితే ఇంకో సూది, ఇంకో స్కాన్, ఎలాగూ పోయేవాణ్ణి ఎందుకులే అని. రెండు దిండ్లు పెట్టుకుని కూర్చునే తెల్లార్చా. పొద్దున బరువు చూడ్డానికి వచ్చిన సిస్టర్ నా ముఖం చూసి పరుగెత్తింది. ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ అంటారు దాన్ని, ఈ మందులతో వచ్చేదే, ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయి. ఎందుకు దాచావని డాక్టరు గట్టిగానే తిట్టారు.

ఆ మధ్యాహ్నం ఆర్సెనిక్ సీసా తగిలించడానికి వచ్చిన సిస్టర్‌తో ఏడుస్తూ అనేశా, నాకు నమ్మకం పోయింది, ఇంక ఈ మందు పట్టదు అని. ఆవిడ డ్రిప్ చుక్కలు లెక్కపెట్టుకుంటూ, తమిళం కలిసిన తెలుగులో, "మందుకి మీ మూడ్ తెలీదు సార్. రెండు గంటల్లో దిగిపోతుంది, అంతే" అంది. నా వైపు తిరగను కూడా లేదు.

తమ్ముడూ, ఆ మాట నాకు చేసినంత మేలు ఏ ఓదార్పూ చేయలేదు. ఆశ పెట్టుకోవడం నా డ్యూటీ కాదన్నమాట. క్యాప్సూళ్లు వేసుకోవడం, మూత్రం కొలవడం, ఆయాసమొస్తే నోరు తెరిచి చెప్పడం, ఇవే నా డ్యూటీ. దిగులు పడ్డందుకు నాకేం కాలేదు, దిగులుతో ఆయాసం దాచినందుకే ప్రాణం మీదికొచ్చింది. అందుకే చెబుతున్నా, మీరు ఎంతైనా ఏడవండి, జ్వరం 38 డిగ్రీలు (ఫారెన్‌హీట్‌లో 100.4) దాటితే మాత్రం అర్ధరాత్రైనా బెల్ కొట్టండి. ఇంకో వారం ఉంచేస్తారని దాచొద్దు.

ఆశ తర్వాత వచ్చింది, నేను పిలవకుండానే. ఎక్కువగా వేరేవాళ్లు తెచ్చారు. నాకు ప్లేట్‌లెట్ల దాతలు కావాల్సి వచ్చింది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవుండవు, ఎప్పటికప్పుడు మనిషి దొరకాలి. వేలూరులో మాకెవరు తెలుసు? మా బామ్మర్ది వీఐటీలో చదివే తెలుగు పిల్లల్ని పట్టుకున్నాడు. రాజమండ్రి కుర్రాడొకడు గంటన్నరసేపు మిషన్‌కి చెయ్యి అప్పగించి కూర్చున్నాడట, మర్నాడు సెమిస్టర్ పరీక్ష పెట్టుకుని. ఆ సంచి నా స్టాండుకు వేలాడుతుంటే చూస్తూ ఉండిపోయా. పప్పుకట్టు మీద తేరుకున్న తేట ఎలా ఉంటుంది, అచ్చం ఆ రంగు. అబ్బాయిని నేను చూడలేదు. ఫోన్ చేస్తే "పర్లేదన్నా, మళ్లీ కావాలంటే చెప్పండి" అని పెట్టేశాడు, చదువుకోవాలి కదా.

అన్నీ ఇలాంటివే జరిగాయని రాస్తే అబద్ధం అవుతుంది. పక్క మంచం మీద కోల్‌కతా ఆయన ఉండేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పొద్దున కౌంట్ ఎంతో వేళ్లతో చూపించుకునేవాళ్లం. ఒక రోజు నిద్ర లేచేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి. ఐసీయూకి మార్చారని మా ఆవిడ చెప్పింది. నేను ఇంకేం అడగలేదు. ఆ రోజు ఎవరైనా ఆశ గురించి మాట్లాడి ఉంటే కొట్టేవాణ్ణేమో.

చుట్టాల సంగతి. ఒకావిడ లక్ష్మణఫలం ఆకులు మరిగించి తాగమంటుంది, ఇంకొకాయన వాళ్ల ఊళ్లో ఇదే జబ్బుతో పోయినవాళ్ల జాబితా చదువుతాడు. నా ఫోన్ బామ్మర్దికి ఇచ్చేశా. రోజూ సాయంత్రం ఏడింటికి ఫ్యామిలీ గ్రూపులో ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టేవాడు: ఇవాళ కౌంట్ ఇంత, ఇది తిన్నాడు, పడుకున్నాడు. అంతే, ఫోన్లు ఆగిపోయాయి. మీకూ ఇలాంటి ఒక మనిషి ఉంటే ఇవాళే ఆ పని అప్పజెప్పండి.

ఏడుపుతో నిద్రే పట్టకపోతే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే, వాంతుల గురించి చెప్పినట్టే. నాకు పది రోజులు నిద్రమాత్ర ఇచ్చారు, ఒక కౌన్సెలర్‌ను కూడా పంపారు. సిగ్గుపడ్డాను కానీ ఆవిడ దగ్గర గంటసేపు మాట్లాడాక ఆ రాత్రి కడుపునిండా తిన్నా.

33వ రోజు డిశ్చార్జ్. మూలుగలో క్యాన్సర్ కణాలు కనబడలేదు. తర్వాత వేలూరులోనే వంటగది ఉన్న గది తీసుకుని, వారానికి ఐదు రోజులు డ్రిప్, నాలుగు వారాలు వేసుకుని నాలుగు వారాలు ఆపి, అలా నాలుగు విడతలు. 2019 మధ్యలో మళ్లీ ఆడిటర్ గారి ఆఫీసులో కూర్చున్నా. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ బీరువాలో ఉంది, పేజీల మీద పొటాషియం సిరప్ మరకలతో.

ఆ సిరప్ మీకూ ఇస్తుంటే ఒక మాట. ఉత్తదే తాగకండి, కడుపులో తిప్పేస్తుంది. నీళ్లలో బాగా కలిపి కొంచెం కొంచెంగా తాగండి. నేను ముక్కు మూసుకుని తాగేవాణ్ణి, మా ఆవిడ పక్కన మారీ బిస్కెట్ పట్టుకుని నిలబడేది.