పది రోజుల మిషన్ ట్రిప్పుకి విదేశం వెళ్లి పిల్లల మధ్య పరిచర్య చేస్తే ఆ పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందా?

పిల్లలకా? అంతంతమాత్రం. వెళ్లొచ్చినవాళ్లకి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది, ఏడాది పొడుగునా సాక్ష్యం చెప్పుకోవడానికి సరిపడా సరుకు దొరుకుతుంది.

కోపం తెచ్చుకోకండి, నేనూ వెళ్లొచ్చినదాన్నే. డాలస్‌లో మేం వెళ్లే అమెరికన్ చర్చి తరఫున మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశానికి, ఎనిమిది రోజులు. హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకి దేశం దాటడమంటే ఎంత బెంగో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. మెక్సికోకో కెనడాకో అయితే వీసా స్టాంపు గడువు తీరిపోయినా నెలలోపు తిరిగి రావచ్చు, గ్వాటెమాలాకి ఆ వెసులుబాటు లేదు. అందుకని ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకొచ్చిన ఏడాదే పేరిచ్చాను. దేవుడి పిలుపుకి కూడా ముందు కాన్సులేటు అపాయింట్‌మెంటు దొరకాలి మాకు.

చిమల్తెనాంగో అనే పట్నం పక్కన కొండ మీద ఊరు. కక్చికెల్ మాయా జనం, అక్కడి ఆదివాసులు. ఫ్వేగో అగ్నిపర్వతం పొగ వదిలినప్పుడల్లా మావాళ్లు పద్నాలుగు మందీ ఫోన్లు పైకెత్తేవాళ్లు, ఊళ్లోవాళ్లు తల కూడా తిప్పేవాళ్లు కాదు. 2018 జూన్‌లో వందల మందిని పొట్టన పెట్టుకున్న కొండ అది, వాళ్లకి ఫొటో తీసుకునే వస్తువు కాదు.

మన ఊళ్లలో వేసవి సెలవుల్లో జరిగే వీబీఎస్ (పిల్లల వెకేషన్ బైబిల్ స్కూలు) లాంటిదే అక్కడా. పాటలు, బెలూన్లు, కంఠత వాక్యం, పూసలు గుచ్చడం. అందరం ఒకటే రంగు టీషర్టులు, వెనకాల వచనం. (ఆ టీషర్టుల మీద పెట్టిన డబ్బుతో ఆ చర్చి పైకప్పు రేకులు మార్చొచ్చు, కానీ ఆ మాట మీటింగులో అంటే అందరూ కిందికి చూస్తారు.) మొదటి రోజు ఒక పిల్ల వచ్చి నా పక్కన చేరింది. నాలుగేళ్లుంటాయేమో అని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఏడేళ్లట. ఆ దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగరని తర్వాత చదివాను. ఆ పిల్ల నా పేరు అడగలేదు. దుబాసీగా ఉన్న కుర్రాణ్ణి పిలిచి, నేను ఏ రోజు వెళ్తానో అడగమంది. శనివారం అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, సరేనన్నట్టు తలూపి, పూసలు గుచ్చుకోవడం మొదలుపెట్టింది. కూరగాయల ధర అడిగినట్టే అడిగింది.

మూడో రోజు ఇంకో సంగతి తెలిసింది. మాకు మూడు పూటలా వండుతున్న ఆవిడ ఎవరో కాదు, ఆ చర్చి సండే స్కూలు టీచరు. ఏడాదంతా ఆ పిల్లలకి పాఠం చెప్పే మనిషి, పిల్లల పరిచర్యకు మేం వచ్చామని పిల్లల్ని వదిలి పొయ్యి దగ్గరే ఉండిపోయింది! మా లీడర్ని అడిగితే, ఆమె సంతోషంగానే చేస్తోంది అన్నాడు. పద్నాలుగు మందికి సంతోషంగా వండే మనిషిని నేనింతవరకు చూడలేదు. కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు తిన్నాను, నాకు తెలుసు.

నేను వెళ్లి వంటింట్లో కూర్చున్నాను. మొక్కజొన్న గింజల్ని సున్నం వేసిన నీళ్లలో ఉడకబెట్టి, తెల్లారి కడిగి, మరకి పట్టుకెళ్లి ముద్ద చేయించుకొస్తారు. మనం తమలపాకుకి రాసుకునే సున్నమే. ఆ ముద్దని రెండు చేతుల మధ్య టపటపా కొట్టి టోర్టియాలు చేస్తుంటే, కనిగిరిలో మా అమ్మమ్మ జొన్నరొట్టె కొడుతున్న చప్పుడే. నాకొచ్చు అన్నాను ధీమాగా. నా చేతిలో మొదటిది ఆఫ్రికా పటంలా వచ్చింది, రెండోది చిరిగింది. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, నన్ను గిన్నెలకి మార్చింది. నాలుగో రోజు నుంచి నేనూ, రిటైరైన ఒక నర్సమ్మా వంట చూసుకుంటే, ఆవిడ మధ్యాహ్నాలు తన పిల్లల దగ్గరికి వెళ్లింది. ఆ ట్రిప్పులో మేం చేసిన మేలు ఏదన్నా ఉంటే అదే. అన్నట్టు, మా బీన్స్ మాడిపోయాయి.

శనివారం పొద్దున్న బస్సెక్కేటప్పుడు నేను ఏడ్చాను. ఆ పిల్ల రాలేదు. బస్సు మలుపు తిరిగితే మర దగ్గర లైన్లో మొక్కజొన్న బేసిన్ పట్టుకుని కనిపించింది. కిటికీలోంచి పిలిచాను. ఒక చెయ్యెత్తి ఊపి, లైన్లో తన చోటు పోతుందేమోనని ముందుకి తిరిగిపోయింది.

ఇక ఫొటోల సంగతి. డాలస్ వచ్చిన కొత్తలో మా చర్చి పెద్దావిడ ఒకరు భోజనానికి పిలిచారు. ఫ్రిజ్ తలుపు నిండా ఊరూరి పిల్లల ఫొటోలు, ఒక్కరి పేరూ ఆవిడకి గుర్తులేదు, పాపం. మంచినీళ్లు తాగుతూ ఆగిపోయాను. నేను మూడో తరగతిలో ఉండగా మా ఊరికి తెల్లవాళ్లొచ్చి, చాక్లెట్లిచ్చి, మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకెళ్లారు. ముక్కు కారుతున్న నా మొహం ఇప్పటికీ ఏ ఫ్రిజ్ మీదో మ్యాగ్నెట్ కింద ఉండే ఉంటుంది. మా అమ్మ జుట్టు దువ్వే దాకా కూడా ఆగలేదు వాళ్లు. అదే గడ్డకి 1866లో వచ్చిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర తెలుగు నేర్చుకుని, కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించి, దశాబ్దాల పాటు ఒంగోల్లోనే ఉండిపోయాడు. మా అమ్మమ్మ తన పెద్దవాళ్ల దగ్గర విన్నవన్నీ ఆయన చేసిన పనుల గురించే. చాక్లెట్లిచ్చిన వాళ్ల గురించి మా ఊళ్లో ఒక్క కథా లేదు.

అనాథాశ్రమానికి తీసుకెళ్తామంటే అసలు వెళ్లకండి. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, వచ్చే విజిటర్ల కోసం పిల్లల్ని పోగేసే చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు ఈ వ్యవహారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. నేపాల్ అయితే ఇంకా జాగ్రత్త, అక్కడ మతం మార్పించడం నేరం, ఐదేళ్ల దాకా జైలు.

మీ ట్రిప్పు మీటింగులో ఒక్కటి మాత్రం అడిగి చూడండి: అక్కడ మనకి వండేదెవరు?