ఆదివారం ఆవుకి సెలవుంటుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పల్లెలో కాస్త నేల కొనుక్కుని, తిండి తామే పండించుకుంటూ బైబిలు వాక్యానుసారంగా బతకాలనుకునేవారు గుంటూరు చుట్టుపక్కల నుంచి రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబులు.

*మాకు అర ఎకరం కూరగాయలు, ఒక జెర్సీ క్రాస్ ఆవు ఉన్నాయి. ఆదివారం పాలు, మేత, కడుగుడు అయ్యేసరికి గుడికి వెళ్లే ఓపిక ఉండట్లేదు. విశ్రాంతి దినం పాటించాలంటే ఆవుని అమ్మేయాలా?*
– ఒక సోదరి, మంగళగిరి దగ్గర

అమ్మొద్దమ్మా. విశ్రాంతి దినాన ఎద్దునో గాడిదనో గాటి దగ్గర నుంచి విప్పి నీళ్లు పెట్టరా అని ప్రభువే అడిగాడు (లూకా 13:15). పాలిచ్చే ఆవుకి ఒక పూట పితకడం మానితే పొదుగు బిగుసుకుంటుంది, పొదుగువాపుకి దారి తీస్తుంది. కాబట్టి పితకడం, మేత, నీళ్లు మూడూ ఆదివారమూ తప్పవు. మిగతాదంతా శనివారం సాయంత్రానికే తెమిలిపోవాలి.

పచ్చిమేత శనివారం సాయంత్రం కోసుకోండి. 400 కిలోల ఆవుకి రోజుకి 20 నుంచి 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల వరిగడ్డి సరిపోతుంది. కోసిన మేతని కుప్పగా పోస్తే రాత్రికి లోపల వేడెక్కి పసుపెక్కుతుంది, పొద్దున ఆవు మూతి కూడా పెట్టదు. నీడన పలచగా పరచండి, కొంచెం వాడినా ఫర్వాలేదు. తొందరలో చేతికందింది కదా అని ఎండకు గిడసబారిన లేత జొన్న మాత్రం కోయకండి. అందులో విషం ఉంటుంది, ఆవు గంటల్లో పడిపోవచ్చు. జొన్న పూతకొచ్చాకే మేపాలి. దాణా (ఒంటి పోషణకి కిలో నుంచి కిలోన్నర, పైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఇంకో కిలో) శనివారం రాత్రే రెండు పూటలకీ కొలిచి రెండు బకెట్లలో పెట్టుకోండి. నీళ్ల తొట్టి 100 లీటర్లకి తగ్గకూడదు, మే నెలలో అదీ చాలదు. ఆదివారం పేడ ఎత్తితే చాలు, కొట్టం కడగడం సోమవారానికి ఉంచుకోండి.

జీవామృతం (చేలో పోసే ద్రవ ఎరువు) శనివారం కలిపితే ఆదివారమంతా దాని చుట్టూ తిరగాలి. గురువారం సాయంత్రం కలపండి, 48 గంటలకి శనివారం సాయంత్రం అవుతుంది, ఆ పూటే పారించేయొచ్చు. మీ అర ఎకరానికి 100 లీటర్ల నీళ్లు, 5 కిలోల పేడ, 5 లీటర్ల మూత్రం, కిలో నల్లబెల్లం, కిలో శనగపిండి, రసాయనాలు తగలని గట్టు మట్టి ఒక గుప్పెడు. ప్లాస్టిక్ డ్రమ్ము నీడన పెట్టి పైన గోనెపట్టా కప్పండి, మూత బిగించొద్దు. రోజుకి రెండుసార్లు కలియబెట్టకపోతే గాలి అందక కుళ్లు వాసన వస్తుంది. అలాంటిది చేలో పోయకండి. మీది నల్లరేగడి అయితే శనివారం పెట్టిన తడి ఆదివారం దాటి నిలుస్తుంది. నారుమడికి, ట్రేలలోని మొలకలకి మాత్రం పొద్దున ఒకసారి నీళ్లు చిలకరించాలి.

ఇంకొక్క మాట. ఎద్దు, గాడిదతో పాటు దాసి కొడుకూ పరదేశీ సేదతీరాలనే నిర్గమ 23:12 చెబుతోంది. మీరు గుడిలో ఉండి పాలేరు కొట్టంలో ఉంటే అక్కడ విశ్రాంతి లేదు, పని చేతులు మారిందంతే. ఆ పూట ఇంట్లోవాళ్లే పితకండి. కుదరకపోతే అతనికి వారంలో ఇంకో రోజు సెలవివ్వండి, కూలి కోయకుండా.

*రెండేళ్ల క్రితం నాటిన నాలుగు బంగినపల్లి అంట్లు ఈ సంక్రాంతికి పూత పూశాయి. లేవీయకాండంలో మూడేళ్లు పండు తినొద్దని ఉంది. మా మామగారు నాలుగు కాయలైనా ఉంచమంటున్నారు. ఏం చేయమంటారు?*
– ఫిరంగిపురం

తీసేయండి. ఇక్కడ లేఖనమూ తోటమాలీ ఒకే మాట చెబుతున్నారు. లేవీ 19:23–25 ప్రకారం మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏటి కాపు దేవునికి, ఐదో ఏటి నుంచి మీకు. ఆ కట్టడ ఇశ్రాయేలుకి కనాను దేశంలో ఇచ్చింది, మనం పాటించకపోతే పాపమని ఎవరి మీదా రుద్దలేం. చెట్టు వైపు నుంచి చూసినా లెక్క అదే. అంటు మొక్క రెండో ఏటే పూస్తుంది, కాయని నిలబెడితే కొమ్మకి పోవాల్సిన బలం కాయకి పోతుంది. చిటికెన వేలంత కొమ్మ కాయ బరువుకి వంగి అలాగే ఉండిపోతుంది, చెట్టు గిడసబారుతుంది. మామగారికి మూడేళ్ల తర్వాత తట్టెడు ఇస్తామని చెప్పండి.

పూతగుత్తిని చేత్తో లాగితే బెరడు చీలుతుంది. సికేచర్‌తో (కొమ్మలు కత్తిరించే కత్తెరతో) మొదలు దగ్గర కత్తిరించండి. ఒకసారి తీస్తే మళ్లీ వస్తుంది కాబట్టి ఫిబ్రవరి చివరిదాకా వారానికోసారి చూస్తుండాలి. అదే చేత్తో అంటు అతుకు కింద నుంచి వచ్చే పిలకలూ తీసేయండి. అవి నాటు మామిడివి, వదిలేస్తే రెండేళ్లలో బంగినపల్లిని మింగేస్తాయి.

మీ ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది: కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయన్నారు. అది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువున్న నల్లనేలలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి, పది రోజులకి మళ్లీ ఒకసారి. కలిపిన నీళ్లు తెల్లారేదాకా ఉంచితే తుప్పురంగుకి తిరుగుతాయి, అవి పనికిరావు. ఎంత చేసినా లోతైన నల్లరేగడి మామిడికి ఇష్టమైన నేల కాదు. వానాకాలం నీరు నిలుస్తుంది, వేసవిలో పగుళ్లు వేళ్లని తెంపుతాయి. చుట్టూ కాలవ తీసి నీళ్లు బయటికి పోనివ్వండి. ఇకముందు నాటేవి అడుగున్నర ఎత్తు దిబ్బ మీద నాటండి, లేదా జామ, సపోటా, ఉసిరి వైపు వెళ్లండి.

*తాడికొండ దగ్గర చిన్న ఇల్లు కట్టాలి. పక్కింటి గోడలన్నీ పగుళ్లు. బండ మీద కట్టమన్నాడు ప్రభువు, మాకు ఇక్కడ బండ ఎక్కడిది?*

లేదు, అందుకే లోతుకి వెళ్లాలి. నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, ఆ కదలికే గోడని చీలుస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి. మామూలుగా ఇలాంటి నేలకి అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు: కనీసం మూడున్నర మీటర్ల లోతు, అడుగున పైల్ మందానికి రెండున్నర రెట్లు వెడల్పుగా బల్బు. పైల్స్ మీద వేసే బీముకీ నేలకీ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మేస్త్రి అది చూసి ఊరుకోలేక మట్టితో పూడ్చేస్తాడు, మట్టి ఉబ్బి బీముని పైకి లేపుతుంది. ఆ రోజు మీరు పని దగ్గరే ఉండండి. గచ్చు కింద నల్లమట్టి తీయించి గ్రావెల్ పోయించండి. స్నానాల గది నీళ్లు గోడ పక్కన ఇంకనివ్వొద్దు, పెద్ద చెట్లు దూరంగా పెట్టండి.

డాబాకి పిట్టగోడ మరవొద్దు. ద్వితీయోపదేశకాండం 22:8 దాన్ని ఆజ్ఞగానే చెప్పింది. మిరపకాయలు ఆరబోయడానికి అడ్డమని చాలామంది రెండడుగులతో ఆపేస్తారు. మీటరుకి తగ్గించకండి.

*పొలం అంచులు బీదలకి వదలమన్న మాట 20 సెంట్లలో ఎలా పాటించాలి?*
– గుంటూరు

గట్టు వెంట ఒక వరుస గోంగూర, తోటకూర, రెండు మునగచెట్లు వేసి, అవి అడిగే పని లేకుండా కోసుకోవచ్చని చుట్టుపక్కల చెప్పేయండి. మందు కొట్టే అలవాటుంటే ఆ వరుసకి తగలనివ్వకండి. తగిలితే డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా ఎవరినీ కోయనివ్వొద్దు. కోతలయ్యాక మిరపలో తాలుకాయలు వదిలేసి బీదలు ఏరుకోవడానికి పరిగె వదిలామనుకోవడం న్యాయం కాదు, మంచి కాయలున్న సాలు ఒకటి వదలండి. పత్తి వేసేవాళ్లు మాత్రం ఈ పని చేయొద్దు. డిసెంబరు దాటాక చేలో నిలిచిన పత్తికాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏడు ఊరందరి చేల మీద పడుతుంది. వదలాలనుకున్నంత పత్తి మీరే తీయించి, తూకం వేసి ఇచ్చేయండి.