రేస్ ఇస్తే ఆగిపోతున్న గడ్డి మిషన్: కార్బురేటర్ మార్చేముందు

ఎండాకాలం రెండు నెలలు పక్కన పెట్టిన టూ స్ట్రోక్ (పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే) బ్రష్ కట్టర్ స్టార్ట్ అవుతోంది గానీ రేస్ ఇవ్వగానే మూలిగి ఆగిపోతోందని, ప్లగ్గు మార్చినా గుణం లేదని, మెకానిక్ కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజనుకి అందించే భాగం) మార్చేయమంటున్నాడని రాశారు. తొందరపడకండి. నేనూ అదే మాట విని కొత్త కార్బురేటర్ వేయించాను. ఇంటికి తెచ్చి తోటలోకి దిగితే మళ్లీ అదే మూలుగు. అసలు సంగతి వేరే చోట ఉంది, అది తర్వాత చెబుతాను.

మాది రాజోలు వైపు. కొబ్బరి తోట, మధ్యలో బోదెలు, గట్ల మీద తుంగ. కాలువలు కట్టేసినన్నాళ్లూ మిషన్‌తో పెద్దగా పని ఉండదు. ధవళేశ్వరం నుంచి నీళ్లొదిలి, నాలుగు వానలు పడ్డాక గడ్డి మోకాలెత్తు లేస్తుంది. కొబ్బరికాయల దింపు దగ్గర పడిందంటే రాలిన కాయ కనబడదు, పురుగూ పుట్రా భయం. అప్పుడు మిషన్ తీస్తాం, అది మొరాయిస్తుంది. మా ఊళ్లో ఈ కథ ప్రతి ఏడూ జరిగేదే.

మొదట ట్యాంకులో పెట్రోలు ఒక గాజు సీసాలోకి వంపి అరగంట కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన డెల్టాలో తేమకేం కొదవ? నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. మనం కలిపిన టూ టీ ఆయిల్ మాత్రం పై పొరలో పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజనుకి అందేది ఆయిల్ లేని సరుకు. సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు కనబడితే అది పారబోయాల్సిందే. పొరలు లేకపోయినా రెండు నెలల నాటిది వాడకండి, పోయేది అర లీటరేగా.

కొత్తగా కలిపేటప్పుడు అందాజా పనికిరాదు. మీ మిషన్ పుస్తకంలో 25:1 (25 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20. నేను సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో కొలుస్తాను. ఒకప్పుడు "ఇంకొంచెం పడితే ఇంజనుకి మంచిదేగా" అని మూతతో ధారాళంగా పోసేవాణ్ణి. కార్బురేటర్ డబ్బులు దండగైంది ఆ అతితెలివి వల్లే. సైలెన్సర్ లోపల పొగ బయటికెళ్లే దారిలో చిన్న జల్లెడ ఉంటుంది. ఎక్కువైన ఆయిల్ మసి కట్టి దాన్ని పూడ్చేసింది. పొగ పోయే దారి లేక ఇంజను రేస్ అందుకోలేదు, కొత్త కార్బురేటర్ వేసి ఏం లాభం? జల్లెడ విప్పి, డీజిల్‌లో నానబెట్టి, ఇనప బ్రష్‌తో రుద్దితే పది నిమిషాల పని. ఆ రోజు నా ముఖం నేనే చూసుకోలేకపోయాను.

మీ జబ్బు అదేనా, వేరేదా అని తేల్చడానికి ప్లగ్గును అడగాలి. మిషన్ ఆగిన వెంటనే ప్లగ్గు విప్పండి, వేడిగా ఉంటుంది, జాగ్రత్త. కొన పొడిగా, తెల్లగా ఉంటే పెట్రోలు అందడం లేదు. నల్లగా తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. బెల్లం రంగులో ఉంటే అంతా బాగున్నట్టే, అప్పుడు ఆ జల్లెడ వైపు చూడండి. చోక్ (గాలిని తగ్గించే మీట) సగం వేసి ఉంచితే నడుస్తూ, తీయగానే ఆగుతుంటే కూడా పెట్రోలు కరువనే అర్థం.

తడి ప్లగ్గయితే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. స్పాంజి రకమైతే సబ్బునీళ్లలో పిండి, బాగా ఆరాక బిగించాలి.

మీరు చెప్పిన లక్షణాలకి నా అనుమానం మాత్రం పొడి ప్లగ్గు మీదే. ట్యాంకు మూత కాస్త వదులు చేసి నడిపి చూడండి. అప్పుడు బాగా నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది, అంతకన్నా ఏం లేదు. లేకపోతే వంచిన తీగతో ట్యాంకులోంచి పైపు చివరున్న చిన్న ఫిల్టర్‌ని బయటికి లాగండి. జిగురు పట్టి గోధుమ రంగుకి తిరిగి ఉంటే మార్చేయండి, చాలా చవక. తర్వాత కార్బురేటర్ కింద రబ్బరు బుడగ నొక్కండి. అది నిండకపోయినా, తిరుగు పైపులో గాలి బుడగలు ఆగకుండా వస్తున్నా పైపు ఎక్కడో చిట్లింది. మా మిషన్‌కి ట్యాంకులోకి దూరే చోట, పైకి కనబడకుండా చిట్లింది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు కార్బురేటర్ విప్పండి, మార్చడానికి కాదు, కడగడానికి. క్లీనర్ స్ప్రే కొట్టండి, జెట్లలో, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల్లో, తీగ పొడవకండి. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రం అంటారు. మెత్తగా ఒంగాలి. ఆత్రేయపురం పూతరేకులా గరగరలాడితే దాని ఆయువు తీరిందన్నమాట. డయాఫ్రం, గాస్కెట్లు కలిపి కిట్‌గా అమ్ముతారు, మొత్తం కార్బురేటర్ కొనక్కర్లేదు. పొరలు ఏ వరుసలో ఉన్నాయో విప్పేముందే ఫోనులో ఫొటో తీసుకోండి. పక్కనున్న స్క్రూలు మాత్రం తిప్పకండి.

విప్పారు కాబట్టి ఇంకో పని కూడా చూడండి. బ్లేడు దగ్గర గేరు పెట్టెకి పక్కన చిన్న బోల్టు ఉంటుంది. అది తీసి లిథియం గ్రీజు ఎక్కించండి. సుమారు పాతిక గంటల పనికోసారి ఎక్కించాలి. తడి తుంగ బ్లేడు మొదట్లో తాడులా చుట్టుకుని సీలు కోసేస్తుంది, సాయంత్రం దాన్ని లాగేయకపోతే గ్రీజంతా కారిపోతుంది. బ్లేడు నట్టు చాలా మిషన్లకి ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. మా బావగారు తెలియక రెండోవైపు తిప్పీ తిప్పీ నట్టు మూలలు అరగదీసి, చివరికి ఉలితో కొట్టించారు. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు మీది క్యాప్ పీకేయడం మరవద్దు.

మళ్లీ పక్కన పెట్టే రోజు ట్యాంకు ఖాళీ చేసి, లోపల మిగిలింది అయిపోయి దానంతట అది ఆగేదాకా నడపండి. నేను రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను, జూన్‌లో నాలుగైదు లాగుళ్లకే అందుకుంటోంది.

ముందు ప్లగ్గు విప్పి తడో పొడో ఇక్కడ రాయండి. అప్పటిదాకా మెకానిక్‌ని కార్బురేటర్ తెప్పించవద్దనండి.