మోచేతి లిగమెంట్ తెగితే ఏ ఆపరేషన్ మంచిది?

జావెలిన్ విసిరే మీ తమ్ముడికి మోచేతి లోపలి వైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగిందని, ఏ పద్ధతి మంచిదని అడిగారు. నాకు తెగిందీ అదే, జావెలిన్‌తోనే.

తిరుపతి గ్రౌండ్‌లో ఒక పొద్దున విసురుతుంటే మోచేతిలో టప్‌మంది. "బెణికింది, ఆయింట్‌మెంట్ రాసుకో" అన్నాడు కోచ్. మా అవ్వ పుత్తూరు కట్టుకు లాక్కెళ్లింది. అక్కడి పెద్దాయన వేళ్లతో తడిమి, "ఎముక బాగుంది నాయనా, తెగింది లోపల నరం. స్కాన్ తీయించు" అని కట్టు వేయకుండానే పంపేశాడు. ఆ మాటే నా చేతిని కాపాడింది.

సర్జన్ మాత్రం ముందు నా మణికట్టు చూశారు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు వంచితే మధ్యలో తాడులా ఒకటి పైకి లేవాలి. అది టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు. కొత్త లిగమెంట్‌గా ఎక్కువగా వేసేది దాన్నే, తీసేసినా చేతికి లోటుండదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు. నాకు రెండు చేతులకూ లేదు. తొడ వెనక నుంచి తీస్తామన్నారు. "నొప్పి చేతికైతే కాలు కోస్తారా సార్?" అని మా అమ్మ ఏడ్చేసింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మందుల చీటీ వెనక బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పారు.

1974లో అమెరికాలో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ ఆపరేషన్‌ను మొదట టామీ జాన్ అనే బేస్‌బాల్ ఆటగాడికి చేశారు. ఎముకల్లో రంధ్రాలు చేసి, టెండన్‌ను 8 అంకెలా అల్లారు. నాకు చేసింది డాకింగ్: పై ఎముకలో ఒకే గుంత చేసి, టెండన్ రెండు కొసలూ అందులోకి లాగి, దారాలను వెనక ముడి వేస్తారు. పై ఎముకకు తూట్లు తక్కువ, అందుకే నా ఓటు దీనికే. లిగమెంట్ కొసన మాత్రమే ఊడి మిగతాది గట్టిగా ఉంటే, దాన్నే కుట్టి, లోపలే ఉండిపోయే గట్టి టేపుతో బిగించే పద్ధతీ ఉంది. మీ తమ్ముడికి అది సరిపోతుందా అని తప్పకుండా అడగండి.

నీరజ్ చోప్రాతో మాత్రం పోల్చకండి. 2019లో ఆయన మోచేతిలోంచి తీసింది ఎముక ముక్కలు. ఆయన ఎనిమిది నెలల్లో మళ్లీ విసిరాడు, నీకేమైందని చుట్టాలంతా నన్ను తినేశారు. లిగమెంట్ కొత్తగా వేస్తే పోటీకి దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది. టామీ జాన్ కూడా 1975 అంతా ఆడలేదు.

ఇంకొకటి, మీ తమ్ముడితో రోజుకు ఎన్ని త్రోలు వేయిస్తున్నారో కనుక్కోండి. నాతో వందకు తగ్గకుండా వేయించారు. వారం ముందు నుంచే నొప్పి అని చెబుతున్నా ఆపనివ్వలేదు. అప్పుడు నాకు పదిహేడేళ్లు.