సాయంత్రానికి ఇంటికి చేరే తిట్లు

"అమ్మా, నాకు 20 ఏళ్లు. అనంతపురంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. క్లినికల్స్‌కు, అంటే వార్డు ప్రాక్టికల్స్‌కు, వెళ్లే ఆసుపత్రిలో సిస్టర్లు మమ్మల్ని మనుషుల కింద లెక్కగట్టరు. పేరు అడగరు, 'ఏయ్ స్టూడెంటూ' అంటారు. టీ తెమ్మంటారు. పోయిన నెల మెడిసిన్ వార్డులో ఒక పెద్దాయనకు సెలైన్ పెట్టి, ఇంఛార్జి సిస్టర్ అందరి ముందూ నన్ను అడిగింది. 500 ఎం.ఎల్., 4 గంటల్లో పోవాలి, ఎం.ఎల్.కు 20 చుక్కలు పడే సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు అని. నాకు తెలుసు. నోరు రాలేదు. 'చదువుకోను వచ్చినారా, షికారుకు వచ్చినారా' అంది. పేషెంట్ తరపు వాళ్లు కూడా నవ్వారు. అప్పటినుంచి యూనిఫాం చూస్తేనే కడుపులో తిప్పుతోంది. 6 రోజులు ఎగ్గొట్టాను. ప్రిన్సిపాల్ మేడంకు కంప్లైంట్ ఇవ్వనా? లేక చదువే మానేయనా? ఉండేది మా మేనత్త ఇంట్లో. ఆమె కూడా స్టాఫ్ నర్సుగా చేసి రెండేళ్ల కింద రిటైర్ అయింది. నేను చేరేటప్పుడు 70 వేలు ఆమే కట్టింది. ఆ ఇంఛార్జి సిస్టర్ ఆమె కింద పని నేర్చుకున్న మనిషే. ఆ రోజు నేను ఇల్లు చేరేసరికే ఫోన్ వచ్చేసింది. 'నా పరువు తీసినావు, మేం ఇంతకన్నా పడినాం' అంది అత్త. చదువయ్యాక నన్ను బావకు చేసుకోవాలని పెద్దవాళ్లు అనుకున్నారు."

— ఒక నర్సింగ్ విద్యార్థిని, అనంతపురం

నువ్వు అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ చుక్కల గొడవకు కంప్లైంట్ అక్కర్లేదు. చదువు మానేసే మాట ఇంకోసారి ఎత్తొద్దు. ఎగ్గొట్టిన 6 రోజులూ ఎప్పుడు పూడ్చుకోవాలో రేపే మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగు. థియరీకి 80 శాతం హాజరుతో పరీక్ష రాయనిస్తారు గానీ, ప్రాక్టికల్స్ నూటికి నూరు పూర్తయితే తప్ప డిగ్రీ చేతికి రాదు. ఈ సంగతి మీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. తెలిసీ ఎగ్గొట్టావంటే ఎంత బెదిరిపోయావో అర్థమవుతోంది.

అయితే బెదిరింది ఆ సిస్టర్‌కు కాదనే నా అనుమానం.

లెక్క చూడు. 500ను 20తో గుణించి, 240 నిమిషాలతో భాగిస్తే 42కు కాస్త తక్కువ. నీకు తెలుసునని నువ్వే రాశావు. తెలిసిన జవాబు నోట్లోంచి రాకుండా ఎవరు ఆపారు? నవ్విన ఆ పేషెంట్ బంధువులు మళ్లీ జన్మలో నీకు కనపడరు. ఇంఛార్జి సిస్టర్ పదిమందిని అలాగే అడుగుతుంది, పదిమందినీ అలాగే కసురుతుంది. మీ బ్యాచ్‌లో మిగతా పిల్లలు తిట్లు తిని, బయటికొచ్చి ఆమెను అనుకరించి నవ్వుకుని, బస్సెక్కి హాస్టల్‌కు పోతారు. నీకు ఆ వీలు లేదు. వార్డులో పదకొండు గంటలకు తిన్న తిట్టు నీకంటే ముందే ఇంటికి చేరుతుంది. చెప్పులు విప్పకముందే రెండోసారి తినాలి. అక్కడ నవ్విన ముఖాలు మరిచిపోవచ్చు, ఇక్కడ అన్నం వడ్డించే చెయ్యే అడుగుతుంది. ఆ సిస్టర్ ప్రశ్న వేసినప్పుడు నీకు వినిపించింది మీ మేనత్త గొంతు.

ఆమె చెడ్డ మనిషని నేను అనను. ఆడపిల్ల నర్సు పనికి పోతే ఊళ్లో రకరకాలుగా మాట్లాడుకున్న రోజుల్లో నైట్ డ్యూటీలు చేసి ఇల్లు నిలబెట్టిన మనిషి అయి ఉంటుంది. అన్న కూతురిని చదివిద్దామని 70 వేలు తీయడానికి ఎంత మందికి చెయ్యి వస్తుంది? కానీ 'మేం ఇంతకన్నా పడినాం' అన్న మాట ఉంది చూశావా, అది నాకు ఒళ్లు మండించే మాట. అత్త కోడలితో అనేదీ అదే, సీనియర్ జూనియర్‌తో అనేదీ అదే. తాను పడింది తప్పని తెలిసిన మనిషి ఇంకొకరి మీద పెట్టకూడదు. మీ అత్త పడింది. ఆమె కింద నేర్చుకున్న సిస్టర్ పడింది. ఇప్పుడు నువ్వు పడుతున్నావు. నేను ఒప్పుకోను.

అలాగని సిస్టర్లందరినీ రాక్షసుల్ని చేయకు. నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు కడపలో ఒక జనరల్ వార్డులో ఉన్నాను. రాత్రిపూట అంత పెద్ద వార్డుకు ఒక్క సిస్టరే. ట్రే తప్పుగా సర్దిందని ఒక స్టూడెంట్ పిల్లను నా మంచం పక్కనే నిలబెట్టి కడిగి పారేసింది. ఇంత నోరేంటమ్మా అనుకున్నాను. తెల్లవారుజామున బాత్రూంకు పోతూ చూస్తే, ఆ సిస్టర్ డ్రెస్సింగ్ రూంలో గోడకు ఆనుకుని నిలబడి, చద్దిపెట్టెలో అన్నం రెండు ముద్దలు మింగి, మూడోది చేతిలో ఉండగానే ఎవరో పిలిస్తే పరుగెత్తింది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నీ వార్డులో మంచాలు ఎన్ని, సిస్టర్లు ఎందరు, నువ్వే లెక్కపెట్టు. ఆ కోపం నీమీద పుట్టింది కాదు, దగ్గర్లో నువ్వు ఉన్నావు. అంతే.

వార్డు సంగతి ఇంతటితో ముగిస్తాను. డ్యూటీకి పావుగంట ముందు వెళ్లి, ఒక షిఫ్ట్ వాళ్లు ఇంకో షిఫ్ట్‌కు అప్పజెప్పే మాటలు విను. ఏ మంచంలో ఎవరున్నారో తెలిసి ఉంటే సగం బెదురు పోతుంది. తిట్టినప్పుడు పేషెంట్ ముందు ఎదురు చెప్పకు, ఏడవకు. 'సరే సిస్టర్' అని చేస్తున్న పని పూర్తి చేయి. రౌండ్స్ అయి, మందులు ఇచ్చేసి ఆమె కేస్ షీట్లు రాసుకుంటూ కూర్చున్నప్పుడు నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి, 'ఇది ఒకసారి చూపిస్తారా' అని అడుగు. ఎంత కసిరే మనిషైనా పని చూపించమంటే మెత్తబడుతుంది. నువ్వు ఇంతవరకూ చేయని పనిని ఒంటరిగా చేయమంటే మాత్రం, ఎంత అరిచినా, ఎవరైనా పక్కన ఉంటే తప్ప చేయనని చెప్పు. అక్కడ భయపడాల్సింది పేషెంట్ కోసం. టీ ఒకసారి తెస్తే నీ చెయ్యి అరగదు, రోజూ తెమ్మంటే మీ ఇన్‌స్ట్రక్టర్‌తో చెప్పు. ఎవరైనా కులం ఎత్తి మాట్లాడినా, చెయ్యి చేసుకున్నా, అప్పుడు నేనే అంటాను, తేదీ, టైం, ఎవరున్నారో రాసిపెట్టి ప్రిన్సిపాల్‌కు కాగితం ఇవ్వమని. నీ ఉత్తరంలో అలాంటిది లేదు.

మళ్లీ ఇంటికి వద్దాం.

నువ్వు హాస్టల్‌కు మారాలి. ఈ నెలే. 'అత్త ఇల్లుండగా హాస్టల్ ఏంటి, నలుగురూ ఏమనుకుంటారు' అని మీ వాళ్లు అంటారు. అననీ. ఈ మాట మీ అమ్మతో చెప్పించొద్దు. ఆడబిడ్డ దగ్గర వదిన నోరు విప్పితే మాట హాస్టల్ దాటి ఎక్కడికో పోతుంది, ముప్పై ఏళ్ల కిందటి పెళ్లినాటి చీర దాకా పోతుంది. మీ నాయన చెప్పాలి. చెల్లెలి ముందు అన్న కూర్చుని, 'ఇంతకాలం నీ బిడ్డ మాదిరి చూసుకున్నావు, ఇంక హాస్టల్లో ఉండి చదువుకుంటుంది' అనాలి. చెనక్కాయ అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులు చూసుకుని, 70 వేలల్లో పదో ఇరవయ్యో ముందు చేతిలో పెట్టి ఆ మాట అంటే ఇంకా మంచిది. ఆమె తీసుకోకపోవచ్చు, నొచ్చుకోవచ్చు కూడా. తీసుకున్నా, తీసుకోకున్నా అది అప్పేనని మీ నాయన నోటితో ఒకసారి అనిపించు. మిగతాది ఉద్యోగం వచ్చాక నెలనెలా నువ్వే తీర్చుకుంటావు. పెట్టిన చెయ్యిని మరచిపొమ్మని నేను చెప్పను. ఆ చేతికింద తలవంచుకుని 20 ఏళ్లు ఉండమనీ చెప్పను.

పెళ్లి సంగతి నువ్వు ఉత్తరం చిట్టచివర ఒక్క ముక్కలో పెట్టావు. బావ ఎలాంటివాడో రాయలేదు, నీకు ఇష్టమో కాదో రాయలేదు. ఇష్టమైతే రాసి ఉండేదానివి. రెండో ఏడాదిలోనే జెనెటిక్స్ చదివే పిల్లకు మేనరికం గురించి నేను పాఠం చెప్పాలా? దగ్గరి సంబంధాల్లో పుట్టే పిల్లలకు ఏ జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువో మీ పుస్తకంలోనే ఉంటుంది. దానికన్నా నాకు పెద్ద భయం ఇంకోటి. ఇప్పుడు మేనత్తగా ఉండి సాయంత్రం పరువు లెక్క అడిగే మనిషి, రేపు అత్తగారయితే ఆ లెక్కకు వేళాపాళా ఉండదు.

ఇవన్నీ ఒక్కరోజే చెప్పకు. ముందు హాస్టల్. పెళ్లి మాట మీ అమ్మానాయనలతో మాత్రమే, ఈ ఏడాది పరీక్షలు అయ్యాక, 'ఇప్పుడు కాదు' అని ఒక్క ముక్క చాలు. బావ ఇష్టమే అయితే నాకు మళ్లీ ఉత్తరం రాయి, నన్ను తిట్టు, పడతాను.

రేపు పొద్దున మాత్రం ఒక పని చేయి. అత్త లేచి ఉంటుంది, టీ పెడుతూ ఉంటుంది. ఆమె పక్కన నిలబడి, నీ అంతట నువ్వే, '42 అత్తా, ఆ రోజు నాకు తెలుసు' అని చెప్పు. ఆమె ఏదో అంటుంది. విని, బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్లు. సాయంత్రం మీ నాయనకు ఫోన్ చేసి, ఆదివారం పొద్దున బస్సుకే అనంతపురం రమ్మను.