హైస్కూలు కాగానే నాష్‌విల్ వెళ్తానంటే?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి 11వ తరగతి. ఇండియాలో పుట్టింది, ఇప్పుడు హెచ్-4 వీసా (ఉద్యోగ వీసాపై ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంది. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఇప్పుడు గిటార్ పట్టుకుని పాతకాలపు కంట్రీ పాటలే (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) పాడుతోంది. స్కూలు అయిపోగానే ఆ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లిపోతానంటోంది. ఆ పాటలతో బతుకు గడుస్తుందా? ఏం చదివించమంటారు?

జవాబు: అమ్మాయి గొంతు ఎలా ఉందన్నదానికన్నా ముందు తేల్చుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-4లో ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి లేదు. బార్‌లో పాడితే ఇచ్చే డబ్బే కాదు, స్టేజీ ముందు పెట్టుకున్న టిప్ జార్‌లో పడే ఐదు డాలర్లూ సంపాదన కిందికే వస్తాయి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారినా అనుమతి లేకుండా క్యాంపస్ బయట పాడి సంపాదించడం కుదరదు. సంగీతంలో డిగ్రీ చేస్తే ఆ తర్వాత వచ్చే ఓపీటీలో (చదివిన సబ్జెక్టులో పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) వేర్వేరు చోట్ల ప్రోగ్రాములు చేసుకోవచ్చు, వాటి వివరాలన్నీ రాసిపెట్టుకోవాలి. కానీ అది 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదువులకు ఇచ్చే అదనపు 24 నెలలు సంగీతానికి ఉండవు. ఆపైన మిగిలేది అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు ఇచ్చే ఓ-1 లాంటి వీసా. దానికి పత్రికల్లో వచ్చిన సమీక్షలు, పేరున్న వేదికల మీద పాడిన ఆధారాలు చూపించాలి. 22 ఏళ్ల పిల్లకు అవన్నీ సమకూరడం చాలా కష్టం. ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరుసలో మీ చోటు చెప్పే తేదీ), ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) కాగితాలు తీసుకెళ్లి, గ్రీన్ కార్డు ఆలస్యమైనప్పుడు పిల్లల వయసు లెక్కగట్టే సీఎస్‌పీఏ చట్టం ప్రకారం అమ్మాయి వయసు ఎంతగా లెక్కకొస్తుందో చూడమనండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

కాబట్టి ఈ రెండేళ్లూ పైసా తీసుకోకుండా నేర్చుకునే కాలం. నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

కర్ణాటక సంగీతం బాగా అక్కరకొస్తుంది. పాత కంట్రీ పాటల వరసలు ఎన్నో మోహన రాగం స్వరాల మీదే నడుస్తాయి. కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) ఎక్కువగా మూడే, అవి స, మ, ప స్వరాల మీద కట్టినవి. నాష్‌విల్ వాద్యకారులు వాటిని పేర్లతో కాక అంకెలతో రాసుకుంటారు: 1, 4, 5. జి కీలో (అంటే జి ఆధార శ్రుతిగా ఉన్నప్పుడు) 1 అంటే జి, 4 అంటే సి, 5 అంటే డి. కీ మారినా కాగితం మీద అంకెలు మారవు. అందుకే ముందెప్పుడూ కలవని నలుగురు కూడా రిహార్సల్ లేకుండా పాట ఎత్తుకోగలరు. స్వరజ్ఞానం ఉన్న పిల్లకు ఈ పద్ధతి ఒక నెలలో పట్టుబడుతుంది.

ఇబ్బంది వచ్చేది మూడు చోట్ల. మొదటిది గమకం. కింది స్వరం నుంచి పైకి జారడం ఈ పాటల్లోనూ ఉంది, కానీ అందుకున్నాక స్వరాన్ని నిటారుగా నిలపాలి. అక్కడ కంపితం (స్వరాన్ని ఊపడం) వేస్తే పాట పోతుంది. రెండోది శ్రుతి. మన దగ్గర కచేరీ అంతా ఒకే శ్రుతిలో నడుస్తుంది, ఇక్కడ పాటపాటకూ కీ వేరు. హాంక్ విలియమ్స్, మెర్ల్ హాగర్డ్‌లాంటి మగవాళ్లు పాడిన కీలో అమ్మాయి పాడితే గొంతు అడుగున నలిగిపోతుంది. ప్రతి పాటకూ తన కీ ఏదో కాపో (గిటార్ మెడకు బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) మార్చిమార్చి చూసుకుని, పుస్తకంలో రాసుకోవాలి. మూడోది, అన్నింటికన్నా కష్టమైనది, హార్మనీ. పక్కవాళ్లు స పాడుతుంటే తను గ మీద నిలబడాలి. మన శిక్షణలో ఇది లేదు. వారానికి ఒకరోజైనా మరో గొంతుతో కలిసి సాధన చేస్తేనే వస్తుంది.

యాస విషయంలో ఒక మాట. టెక్సస్‌లో పెరిగిన పిల్ల మాట్లాడే ఇంగ్లీషే పాటకు చాలు. పాత రికార్డుల్లోని కెంటకీ యాసను అరువు తెచ్చుకుంటే విన్నవాళ్లు మొదటి చరణంలోనే పట్టేస్తారు. ఈ సంగీతానికి ప్రాణం కథ. మాట స్పష్టంగా వినపడకపోతే ఎంత మంచి గొంతైనా వృథాయే. మన రంగు చూసి రానిస్తారా అన్న బెంగ మీకు ఉండి ఉంటే, నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ (సీఎంఏ) వారి ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. తొలి రికార్డుల సమయంలో కంపెనీ ఆయన ఫొటోను బయటపెట్టలేదన్నదీ నిజమే. తలుపులు ఉన్నాయి, కొన్నిచోట్ల ఎక్కువసేపు తట్టాల్సి వస్తుంది.

ఇక బతుకుతెరువు. నాష్‌విల్ బ్రాడ్‌వే వీధిలోని హాంకీటాంక్‌లలో (కంట్రీ పాటలు పాడే బార్‌లు) మామూలుగా నాలుగు గంటల షిఫ్టులు. చాలాచోట్ల లోపలికి రావడానికి టికెట్ ఉండదు, బార్ ఇచ్చేది తక్కువ, ఆదాయమంతా టిప్పుల మీదే. దాన్ని బ్యాండ్ మొత్తం పంచుకుంటుంది. టిప్పు ఇచ్చే టూరిస్టు అడిగేది కూడా చాలాసార్లు పాత కంట్రీ కాదు. సంప్రదాయ కంట్రీనే పాడతాను అనే పిల్లకు నాష్‌విల్ కన్నా మీ టెక్సస్ మేలని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ డ్యాన్స్ హాళ్లున్నాయి. గ్రీన్ (Gruene) హాల్ 1878 నాటిది, ఆస్టిన్‌లోని బ్రోకెన్ స్పోక్ 1964లో తెరిచారు. అక్కడికి వచ్చేవాళ్లకు ఫిడిల్, పెడల్ స్టీల్ వాద్యాలు, టూ-స్టెప్, వాల్ట్జ్ నృత్యాలకు తగ్గ పాటలు కావాలి. రాత్రికి ముప్పావుగంట సెట్లు మూడు నాలుగు పాడాలి, అంటే నోటికి వచ్చిన పాటలు కనీసం 40 ఉండాలి. టెంపో కాస్త జారినా జంటలు ఫ్లోర్ దిగిపోతాయి. ఇప్పుడే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. పెద్దలతో వచ్చిన పిల్లల్ని చాలాచోట్ల రానిస్తారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. గాయని కన్నా డ్రమ్మర్‌నీ, డ్యాన్సర్ల కాళ్లనీ గమనించమనండి.

చదువుకు మంచి దారులే ఉన్నాయి. లబక్ దగ్గర లెవెల్‌ల్యాండ్‌లోని సౌత్ ప్లెయిన్స్ కాలేజీలో 1970ల నుంచి కంట్రీ, బ్లూగ్రాస్ (బాంజో, ఫిడిల్‌తో వేగంగా సాగే పల్లె సంగీతం) నేర్పుతున్నారు. కంట్రీ గాయని లీ ఆన్ వోమాక్ అక్కడే చదువుకుంది. ఈస్ట్ టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీలో బ్లూగ్రాస్, ఓల్డ్‌టైమ్‌లాంటి పల్లె సంగీతాల మీద డిగ్రీ ఉంది. కానీ గ్రీన్ కార్డు రాని పక్షంలో నేను సూచించేది వేరు: స్టెమ్ జాబితాలోని ఏదైనా డిగ్రీ, పక్కన సంగీతం మైనర్. ఓపీటీ మూడేళ్లు దొరుకుతుంది, హెచ్-1బీ ఉద్యోగ వీసాకీ దారి ఉంటుంది. స్టెమ్ ఓపీటీలో ఉద్యోగం చదివిన సబ్జెక్టులోనే ఉండాలి కాబట్టి అప్పుడు పాట డబ్బు తీసుకోని పాటగానే ఉంటుంది. అమ్మాయికి ఇది నచ్చకపోవచ్చు. కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ 1979లో వ్యవసాయంలో డిగ్రీ తీసుకుని, పగలు పశువుల రాంచ్ చూసుకుంటూ రాత్రిళ్లు బ్యాండ్‌తో పాడాడు. 1981లోనే ఆయనకు ఎంసీఏ కంపెనీతో రికార్డు ఒప్పందం దొరికింది. డిగ్రీ వల్ల పాట ఆగలేదు.

గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. మానిటర్ (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకర్) సరిగా లేని స్టేజీ మీద గంటలకొద్దీ అరిచి పాడితే స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) రావచ్చు.

సొంత పాటలు రాయడం ఇప్పుడే మొదలుపెట్టించండి. అమెరికాలో ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో పాట వస్తే రాసినవాళ్లకు రాయల్టీ వస్తుంది, పాడినవాళ్లకు రాదు. డిజిటల్ రేడియో మీద సౌండ్ ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసే దాంట్లో మాత్రం ప్రధాన గాయనికి 45 శాతం నేరుగా అందుతుంది. కంట్రీ గాయని, రచయిత్రి డాలీ పార్టన్ రాసిన పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడాలంటే పబ్లిషింగ్ హక్కులో (పాట రాతకు వచ్చే ఆదాయం మీద హక్కు) సగం ఇవ్వాలని ఎల్విస్ తరఫువాళ్లు అడిగితే ఆమె కాదనేసింది. 1992లో అదే పాట విట్నీ హ్యూస్టన్ గొంతులో పెద్ద హిట్టయినప్పుడు ఆ హక్కు డాలీ చేతిలోనే ఉంది. అమ్మాయి ఎవరితోనైనా కలిసి పాట రాస్తే, ఎవరి వాటా ఎంతో ఆ గదిలోంచి లేవకముందే కాగితం మీద పెట్టి అందరూ సంతకం చేయాలి. మామూలుగా గదిలో ఉన్నవాళ్లందరికీ సమాన వాటా. పాట హిట్టయ్యాక ఈ మాట మాట్లాడబోతే స్నేహాలు కోర్టు దాకా వెళ్తాయి.