అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట తక్కువ సౌండ్‌తో సినిమా చూడటానికి ఎలాంటి సబ్‌వూఫర్ తీసుకోవాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూడో అంతస్తులో 2 బీహెచ్‌కే ఫ్లాట్, పిల్లలు పడుకున్నాక రాత్రి పది దాటితేగానీ సినిమా మొదలుకాదు, సౌండ్ ఎప్పుడూ తక్కువే. ఇంతమాత్రానికి 8 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దాల కోసం విడిగా పెట్టే స్పీకర్) చాలదా, 12 అంగుళాలది తెస్తే కింది వాళ్లతో గొడవ రాదా అని అడిగారు. నేనూ సరిగ్గా ఇలాగే ఆలోచించి మొదట 8 అంగుళాలదే కొన్నాను. కింది వాళ్ల నిద్ర చెడగొట్టింది ఆ చిన్నదే. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది 12 అంగుళాల సీల్డ్ సబ్, అంటే డబ్బాకు గాలి రంధ్రం లేనిది. అది వచ్చి మూడేళ్లయింది, ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట. ఒక ఆదివారం పొద్దున లిఫ్ట్ దగ్గర కింది ఫ్లాట్ ఆంటీ ఆపి, "బాబూ, రాత్రిళ్లు మీరు గ్రైండర్ వేస్తారా? మా మామగారికి నిద్ర పట్టట్లేదంట" అని అడిగారు. ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి, హాల్లో గోడ పక్కన దివాన్ మీద పడుకుంటారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే మా ఇంట్లో నాకే ఆ బేస్, అంటే లోతైన శబ్దం, సరిగా వినపడేది కాదు. వినపడట్లేదనే సబ్ వెనక ఉన్న నాబ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాను.

ఆ సాయంత్రం వాళ్లను అడిగి కిందికి వెళ్లాను. పైన మా ఆవిడ ఒక ఫైట్ సీన్‌ను మేం రోజూ పెట్టుకునే సౌండ్‌లోనే మళ్లీ మళ్లీ వేసింది. డైలాగులు ఒక్క ముక్క వినపడలేదు. తుపాకుల చప్పుడూ లేదు. వచ్చింది ఒకే ఒక్క స్వరం, "హూఁమ్" అని, దాంతోపాటు షోకేస్‌లో స్టీలు గ్లాసులు సన్నగా జిర్రుమనడం. హాలు మధ్యలో నిలబడితే అది దాదాపు లేదు. పెద్దాయన దిండు దగ్గరికి వెళ్లి గోడకు తల దగ్గరగా పెడితే మాత్రం చెవిలో మోత.

దీనికి లెక్క ఉంది. 565ను గది వెడల్పు అడుగులతో భాగించండి. మా హాలు వెడల్పు 12 అడుగులు, అంటే 47 హెర్ట్జ్, సెకనుకు 47 కంపనాలు. ఆ గది సహజంగా మోగే స్వరాల్లో అదొకటి. ఇలాంటి స్వరం గోడల దగ్గర గట్టిగా, సరిగ్గా మధ్యలో బలహీనంగా ఉంటుంది. నా సోఫా వెడల్పుకు నడిమధ్యలో ఉంది, సబ్‌నేమో మూలన పెట్టాను. మూలలో పెడితే అన్ని స్వరాలూ రెచ్చిపోతాయి. పైగా అపార్ట్‌మెంట్‌లో కింది హాలు కూడా మన ప్లానే, అదే వెడల్పు, అదే 47. మన గది ఏ స్వరానికి మోగుతుందో వాళ్ల గదీ దానికే మోగుతుంది. నేను మధ్యలో కూర్చుని చాలట్లేదని పెంచుకుంటూ పోతే ఆ పెద్దాయన గోడ పక్కన పడుకుని దాన్నంతా భరించారు.

ఇక ఏది కొనాలన్న సంగతి. సౌండ్ తక్కువగా పెట్టుకునేవాళ్లకే మంచి సబ్ ఎక్కువ అవసరం. దానికి కారణం మన చెవి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు, ఇప్పుడు ఐఎస్ఓ 226 అనే ప్రమాణంగా ఉంది. మనిషి గొంతు ఉండే 1000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా చెవి పట్టుకుంటుంది. 63 హెర్ట్జ్ వినపడాలంటే దాదాపు 37 డెసిబెల్స్ కావాలి, 40కి 51, 20కి 78. అందుకే వాల్యూమ్ తగ్గిస్తే అన్నిటికంటే ముందు బేస్ మాయమవుతుంది. పైగా సినిమా మిక్స్ చేసేది చాలా పెద్ద సౌండ్‌కు: ఒక్కో ఛానల్ 105 డెసిబెల్స్ దాకా, బేస్ కోసం విడిగా ఉండే ఎల్ఎఫ్ఈ 115 దాకా వెళ్లేలా. రాత్రి మనం దానికి ముప్ఫై డెసిబెల్స్ కిందే వింటాం.

ఇది సబ్ నాబ్ తిప్పి సరిచేసుకునే విషయం కాదు. మీ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే డబ్బా) డెనాన్ లేదా మరాంట్జ్ కంపెనీది అయి, అందులో ఆడిసీ అనే సౌండ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటే, దానిలోని డైనమిక్ ఈక్యూ ఆన్ చేయండి. యమహాలో కొన్ని మోడళ్లకు వైపీఏఓ వాల్యూమ్ ఉంటుంది. వాల్యూమ్ ఎంత తగ్గిస్తే అంతకు తగ్గట్టు బేస్‌ను అవే పైకి లేపుతాయి, పగలు సౌండ్ పెంచితే మళ్లీ అవే దించేస్తాయి. డెనాన్‌లో రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ అని, ఆ లేపడాన్ని తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది. సినిమాలకు సున్నా దగ్గరే ఉంచి, టీవీ కార్యక్రమాలకు, పాటలకు 10 గానీ 15 గానీ పెట్టండి. లేకపోతే యాంకర్ మాట్లాడినా గుమ్ గుమ్ అంటుంది.

పై అంకెలు చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. 20 హెర్ట్జ్ వినపడటానికే 78 డెసిబెల్స్ కావాలంటే రాత్రి పదకొండుకు మనకు దానితో పనే లేదు. 16 హెర్ట్జ్ దాకా దిగుతుందని చెప్పే, డబ్బాకు పోర్టు అనే గాలి రంధ్రం ఉండే పెద్ద పోర్టెడ్ సబ్‌కు డబ్బు పోయకండి. 30 హెర్ట్జ్ దాకా శుభ్రంగా, తడబడకుండా వస్తే చాలు. అలాగని చౌక 8 అంగుళాల పోర్టెడ్ కూడా వద్దు. వాటిలో చాలావాటికి పోర్టును 35, 50 మధ్య ఎక్కడో ట్యూన్ చేస్తారు. బలమంతా అక్కడే ఉంటుంది, మన హాళ్లు మోగేదీ అక్కడే. దాని కిందికి వెళ్తే శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది. సీల్డ్ సబ్‌లో ఈ తగ్గుదల మెల్లగా ఉంటుంది, మన చిన్న హాళ్లు అడుగున కొంత బలం కలుపుతాయి కాబట్టి ఆ లోటు దీంతో పూడిపోతుంది. డబ్బా కూడా చిన్నదే, మాది ప్రతి పక్కా అడుగుంబావుకు అటూ ఇటూ.

12 అంగుళాల కోన్ (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం చేసే భాగం) అంటే భయం వద్దు. కింది వాళ్లకు వెళ్లేది ఎంత శబ్దం చేశారన్నదే, కోన్ సైజు కాదు. 8 అంగుళాల కోన్ కంటే దీని వైశాల్యం రెండు రెట్లకు పైనే. అదే శబ్దానికి ఇది కొంచెం కదిలితే చాలు, ఆయాసపడదు.

కొనేముందు మూడు సంగతులు చూడండి, మొదటిది ఎవరూ చెప్పరు. చాలా సబ్‌లలో ఆటో ఆన్ ఉంటుంది, సిగ్నల్ వస్తే నిద్ర లేస్తుంది. తక్కువ వాల్యూమ్‌లో వచ్చే సిగ్నల్ దానికి చాలదు. నా పాత సబ్ సినిమా మొదలైన ఇరవై నిమిషాలకు, మొదటి ఫైట్ వచ్చాక, "టక్" అని లేచేది. మళ్లీ మాటల సీన్లు రాగానే పడుకునేది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచే స్విచ్ ఉండాలి. అది లేకపోతే సబ్ గెయిన్ (వెనక ఉండే ఆ నాబ్) తగ్గించి, రిసీవర్‌లో సబ్ లెవెల్‌ను ఆమేరకు పెంచండి. వినపడేది అంతే ఉంటుంది, సబ్‌కు చేరే సిగ్నల్ బలంగా ఉంటుంది. రెండోది, ఏదో ఒక స్వరాన్ని విడిగా తగ్గించే ఈక్యూ ఉండాలి. ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 ప్రో లాంటివాటిలో ఫోన్ యాప్ నుంచే చేసుకోవచ్చు. మూడోది హమ్, అంటే సినిమా లేకున్నా ఆగకుండా వచ్చే సన్నటి మోత. పగలు వినపడని 50 హెర్ట్జ్ హమ్ రాత్రి నిశ్శబ్దంలో చాలా విసిగిస్తుంది. మా ఇంట్లో సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ వైరు పీకితే ఆగిపోయింది. మీకు హమ్ వస్తే సబ్‌ను తిట్టుకునే ముందు ఆ వైరు పీకి చూడండి.

ఎక్కడ పెట్టాలన్నది ఏది కొన్నామన్నంత ముఖ్యం. నేను సోఫాను గోడ నుంచి అడుగున్నర ముందుకు జరిపి, సబ్‌ను సోఫా వెనక, గది వెడల్పుకు సరిగ్గా మధ్యలో పెట్టాను. అక్కడినుంచి అది ఆ 47ను దాదాపు రెచ్చగొట్టలేదు. వీపు వెనకే ఉండటం వల్ల గెయిన్ బాగా తగ్గించినా నాకు నిండుగా తగులుతుంది. యాప్‌లో 47 దగ్గర ఇంకో మూడు డెసిబెల్స్ దించాను, నాకేమీ లోటు తెలియలేదు. క్రాస్ఓవర్ (ఎన్ని హెర్ట్జ్ కిందివి సబ్‌కు పంపాలో చెప్పే సెట్టింగ్) 80 దగ్గర ఉంచండి. 120కి పెంచితే మగ గొంతులు వెనకనుంచి వచ్చినట్టు ఉంటుంది. పొడవాటి సబ్ కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను.

కింద వేసే రబ్బరు ప్యాడ్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. టైల్స్ మీద డబ్బా అదరకుండా ఉండటానికి అవి పనికొస్తాయి. కానీ లోతైన బేస్ గాల్లోంచే స్లాబును కదిలిస్తుంది, దాన్ని ప్యాడ్ ఆపలేదు. అంతకంటే ఇల్లంతా ఒకసారి తిరగండి. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టెస్ట్ టోన్ యూట్యూబ్‌లో దొరుకుతుంది, అది వేసి ఏది గలగలలాడుతోందో వినండి. మా ఇంట్లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ, పూజగది గంట, వంటింటి అటక మీద పెట్టిన ఇత్తడి బిందె పట్టుబడ్డాయి. కిటికీ సందులో మడిచిన అట్టముక్క, బిందె కింద పాత తువ్వాలు సరిపోయాయి.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూసి నిశ్చింతగా ఉండకండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. కానీ ఆ కొలత ఏ-వెయిటెడ్, అంటే 63 హెర్ట్జ్ శబ్దాన్ని అది 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. ఫోన్‌లో 40 కనపడుతున్నప్పుడే బేస్ అంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు.

అందుకే సబ్ అమర్చుకున్నాక కింది వాళ్లతో ఒక మాట చెప్పి, ఒక రాత్రి పది నిమిషాలు వాళ్లింట్లో నిలబడి వినండి. హాలు మధ్యలో కాదు, వాళ్లు తల పెట్టుకుని పడుకునే చోట. నేను కొత్త సబ్ పెట్టిన రోజు మళ్లీ వెళ్లాను. పెద్దాయన దివాన్ మీద కూర్చుని నాతోపాటు చెవి పెట్టి విన్నారు. కాసేపటికి "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగారు. పైన అప్పటికే సీన్ సగం అయిపోయింది.

మీ హాలు పొడవు, వెడల్పు, సోఫా ఏ గోడకు ఉందో రాయండి, సబ్‌కు చోటు ఎక్కడ బాగుంటుందో చూసి చెబుతాను.